ఊళ్లో అమ్మానాన్నల ఇంటికి సీసీ కెమెరాలు: ఎన్ని, ఎక్కడ, ఏ రకం?

తెనాలి_రఘు
మా అమ్మానాన్న తెనాలి శివార్లలో సొంత ఇంట్లో ఇద్దరే ఉంటున్నారు. నేను బెంగళూరులో, చెల్లెలు డాలస్‌లో. ఈమధ్య మా వీధి చివర తాళం వేసిన ఇంట్లో దొంగలు పడి బీరువా పగలగొట్టారు. అప్పటి నుంచి నాన్న రాత్రి రెండింటికి లేచి గేటు గొళ్లెం చూసి వస్తున్నారని అమ్మ చెబుతోంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి చీకట్లో మెట్లు దిగి వెళ్లడం నాకు దొంగల కన్నా ఎక్కువ భయంగా ఉంది.

ఊళ్లో కెమెరాలు బిగించే ఒకాయనను పిలిచాం. ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి ఎనిమిది కెమెరాలు, ఎనిమిది ఛానెళ్ల డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె), 1 టీబీ హార్డ్ డిస్క్, కేబుల్, పని అన్నీ కలిపి 46 వేలు అని కాగితం రాసిచ్చాడు. అందులో ఒక్కదానికీ మోడల్ నంబరు లేదు. "5 మెగాపిక్సెల్, కలర్ నైట్ విజన్" అని మాత్రం ఉంది. ఏ కంపెనీ అని అడిగితే "మంచిదే పెడతాను సార్" అంటాడు.

ఇంకోవైపు ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకే వైఫై కెమెరాలు దొరుకుతున్నాయి. నేనే వెళ్లి నాలుగు తగిలించి రావచ్చా? హాల్లో కూడా ఒకటి పెడితే అమ్మానాన్నలను ఇక్కడి నుంచి చూసుకోవచ్చని ఉంది. వాడుతున్నవాళ్లు చెప్పండి.

సలీం_వైరింగ్
గుంటూరులో ఇదే పని చేస్తాను. ఇల్లు చూడకుండా ఎనిమిదా నాలుగా అని చెప్పలేను. గేట్లు ఎన్ని, తలుపులు ఎన్ని, మేడ మీదికి మెట్లు బయట ఉన్నాయా లోపలా, ప్రహరీ గోడ ఎంత ఎత్తు, పక్కన ఖాళీ స్థలం ఉందా చెప్పండి. మోడల్ నంబర్లు లేని కొటేషన్ మీద మాత్రం ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి.

మీనాక్షి_బ్రాడీపేట
వైఫై చాలు. మా ఫ్లాట్ బయట ఒకటి, బాల్కనీలో ఒకటి పెట్టాం. మెమరీ కార్డు వేశాం. ఎవరైనా వస్తే ఫోనుకు కబురు వస్తుంది. డ్రిల్లింగు లేదు, మనుషులు వచ్చి గోడలు పాడు చేయడం లేదు.

నెట్‌వర్క్_నాని
ఫ్లాటుకు సరిపోయింది కాబట్టి మీకు బాగుంది మీనాక్షి గారు. సొంత ఇంటి ప్రహరీకి అది వేరే లెక్క. హాల్లో ఉన్న రూటరు నుంచి రెండు ఇటుక గోడలు, ఒక ఇనుప గ్రిల్లు దాటి పెరట్లోకి వెళ్లేసరికి సిగ్నల్ నీరసిస్తుంది. పగలు బాగానే కనిపిస్తుంది, సరిగ్గా కావలసిన రాత్రి పూట "కెమెరా ఆఫ్‌లైన్" అని వస్తుంది.

పైగా వైఫై అన్నా కరెంటు వైరు ఎలాగూ లాగాలి. వైరు లాగే శ్రమ తప్పనప్పుడు వీడియో కూడా ఆ వైరు మీదే తెచ్చుకోవడం మేలు.

పెరటిజామ
బ్యాటరీతో, చిన్న సోలార్ పలకతో వచ్చేవి ఉన్నాయి కదా. వాటికి ఏ వైరూ అక్కరలేదు.

నెట్‌వర్క్_నాని
ఉన్నాయి. తోటకు, పొలం గదికి మంచివే. కానీ చాలావరకు అవి ఎప్పుడూ రికార్డు చేయవు. కదలిక కనబడితే మేల్కొంటాయి. మనిషి గేటు తీసి లోపలికి వచ్చిన మొదటి సెకన్లు పోయి వీపు మాత్రం దొరికిన వీడియోలు నేను చూశాను. ఇంటి ముందు గేటుకు ఇరవై నాలుగు గంటల రికార్డింగు ఉండాలనేది నా మాట.

తెనాలి_రఘు
సలీం గారు, వివరాలు ఇవి. ఇల్లు తూర్పు ముఖం. ముందు ఇనుప గేటు ఒక్కటే, వీధి నుంచి వసారాకు పాతిక అడుగులు. ఉత్తరం వైపు సన్న సందు, అందులోనే మేడ మీదికి బయటి మెట్లు. వెనక పెరడు, బావి, కొబ్బరి చెట్లు, వంటింటి తలుపు. దక్షిణం వైపు పక్కింటి గోడ మా గోడకు ఆనుకునే ఉంది, అటు నుంచి దారి లేదు. ప్రహరీ అయిదు అడుగులు. పడమర పక్కన ఖాళీ స్థలం, కంపచెట్లు.

సలీం_వైరింగ్
అయితే నాలుగు చాలు. అయిదోది కావాలంటే తరువాత చేర్చుకోవచ్చు, అందుకే డీవీఆర్ మాత్రం ఎనిమిది ఛానెళ్లది తీసుకోండి.

ముందు ఒక మాట. కెమెరా రెండు పనులకు పెడతాం. ఒకటి, ఎవరో వచ్చారని తెలియడం. రెండోది, వచ్చింది ఎవరో తెలియడం. ఒకే కెమెరా ఈ రెండూ చేస్తుందని నమ్మించి అమ్ముతారు. చేయదు.

మామూలుగా అందరూ బిగించేది 2.8 ఎం.ఎం. లెన్సు. అది దాదాపు వంద డిగ్రీల వెడల్పు చూస్తుంది. వాకిలి అంతా ఒకేసారి కనిపిస్తుందని ఇంటివాళ్లు సంతోషిస్తారు. కానీ వెడల్పు పెరిగిన కొద్దీ మనిషి చిన్నవాడైపోతాడు. కొత్త ముఖాన్ని గుర్తుపట్టాలంటే మనిషి నిలబడిన చోట మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలని ఈ పనిలో వాడే అంతర్జాతీయ ప్రమాణం. 2 మెగాపిక్సెల్ చిత్రం వెడల్పు 1920 పిక్సెళ్లు. భాగించి చూడండి, ఏడున్నర మీటర్ల వెడల్పు దృశ్యం దాటితే ముఖం దక్కదు. 2.8 లెన్సుతో ఆ వెడల్పు మూడు మీటర్ల దూరానికే వచ్చేస్తుంది. అంటే పది అడుగులు. మీ గేటు పాతిక అడుగుల దూరంలో ఉంది.

అందుకని వసారా సజ్జ కింద నుంచి గేటును చూసే కెమెరాకు 6 ఎం.ఎం. లెన్సు పెట్టించండి. అది సుమారు యాభై డిగ్రీలే చూస్తుంది, కానీ ఎనిమిది మీటర్ల దాకా ముఖం నిలబడుతుంది. 4 మెగాపిక్సెల్‌ది అయితే ఇంకా నయం. రెండోది సింహద్వారం పక్కన, 2.8 లెన్సు, తలుపు ముందు నిలబడినవాళ్లను దగ్గరగా చూసేలా. మూడోది సందులో, మెట్ల మొదలు కనిపించేలా. నాలుగోది పెరట్లో, వంటింటి తలుపూ పడమటి గోడా రెండూ పడేలా.

ఎత్తు ఎనిమిది, తొమ్మిది అడుగులు. పిట్టగోడ మీద బిగిస్తానంటే వద్దనండి. అక్కడి నుంచి నడినెత్తి తప్ప ఏమీ కనబడదు.

పల్నాటి_నాగలి
సలీం గారు చెప్పింది అక్షరాలా నిజం. మా ఇంటికి బిగించినవాడు కెమెరాలు అన్నీ రెండో అంతస్తు మీద పెట్టి వెళ్లాడు. మోటారు సైకిలు పోయింది. వీడియో అరగంట ఉంది. వచ్చినవాడి టోపీ, భుజాలు, చెప్పులు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ముఖం ఒక్క క్షణం కూడా లేదు. ఆ టోపీలాంటివి మా ఊళ్లో సగం మందికి ఉన్నాయి.

తెనాలి_రఘు
ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. చాలా కృతజ్ఞతలు. డీవీఆరా, ఎన్‌వీఆరా?

నెట్‌వర్క్_నాని
కొత్తగా వేసుకుంటున్నారు కాబట్టి ఐపీ కెమెరాలు (కంప్యూటరు నెట్‌వర్కు మీద పనిచేసేవి), వాటి వీడియో దాచే ఎన్‌వీఆర్, పీఓఈ స్విచ్. ఒకే నెట్‌వర్కు కేబుల్ మీద కరెంటూ వీడియో రెండూ వెళ్తాయి, వంద మీటర్ల వరకు ఇబ్బంది లేదు. ప్రతి కెమెరా దగ్గరా విడిగా ప్లగ్ పాయింటు అక్కరలేదు. ఫోనులో మనిషి వచ్చాడా, కుక్క వచ్చిందా వేరుచేసి చెప్పే మోడళ్లు ఇందులో ఎక్కువ.

సలీం_వైరింగ్
నాని గారితో ఇక్కడ ఏకీభవించలేను. బెంగళూరులో మంచిదే. తెనాలిలో పెద్దవాళ్లు ఇద్దరే ఉన్న ఇంట్లో ఏదైనా ఆగిపోతే ఎవరు వచ్చి బాగుచేస్తారు అన్నది చూడాలి. డీవీఆర్, వీడియో, కరెంటు కలిసి వెళ్లే 3+1 కేబుల్, దాని కొసల బీఎన్‌సీ కనెక్టర్లు, కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ పెట్టె. వీటిని విప్పి మళ్లీ బిగించగల కుర్రవాడు ప్రతి మండల కేంద్రంలో ఉన్నాడు. ఐపీ అడ్రసులు కలవక కెమెరా మాయమైతే అదే కుర్రవాడు తల గోక్కుంటాడు. పాత రోజుల అనలాగ్ మసక కూడా ఇప్పుడు లేదు, ఈ 3+1లోని కోయాక్స్ తీగ మీదే 5 మెగాపిక్సెల్ దాకా వస్తోంది.

నెట్‌వర్క్_నాని
బాగుచేసేవాడు దొరకాలన్న మాట ఒప్పుకుంటాను. అయినా రఘు గారు బెంగళూరు నుంచి దూరాన ఉండి సెట్టింగులు చూసుకోవాలంటే ఐపీనే సులువు. ఏది వేసినా కేబుల్ మాత్రం అసలైన రాగిది వేయించండి. అల్యూమినియం తీగకు రాగి పూత పూసి సగం ధరకు అమ్ముతారు. పీఓఈకి అది అసలు పనికిరాదు, వేడెక్కుతుంది, దూరం పోయేసరికి వోల్టేజీ పడిపోయి రాత్రి చీకట్లో చూడటానికి కెమెరాలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే కెమెరా ఆగి ఆగి మొదలవుతుంది. తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనబడితే వెనక్కి పంపండి.

సలీం_వైరింగ్
ఈ మాటకు మాత్రం వంద మార్కులు.

కరీంనగర్_వేణు
కోతుల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మా వీధిలో దొంగల కన్నా కోతులే ఎక్కువ కెమెరాలు పీకాయి. వేలాడే వైరు కనబడితే పట్టుకుని ఊగుతాయి. వైరంతా పీవీసీ పైపులో పోనిచ్చి, పొడుగు గొట్టం లాంటి కెమెరాలకు బదులు గోడకు అంటుకుని ఉండే డోములు పెట్టించాక బతికిపోయాం. కోతి ముఖాలు మాత్రం మీటరుకు 250 పిక్సెళ్లతో చక్కగా వచ్చాయి.

పెరటిజామ
వేణు గారు, వాటి మీద కేసు పెట్టారా?

కరీంనగర్_వేణు
సాక్షులు కూడా కోతులే. ముందుకు సాగలేదు.

ఎండమావి
తూర్పు ముఖం ఇల్లు అన్నారు. మా ఇల్లూ అంతే. ఉదయం ఏడు గంటలకు సూర్యుడు సరిగ్గా గేటు వెనక నుంచి వస్తాడు. పాలవాడు, పేపరువాడు అందరూ నల్లటి నీడలే. డబ్ల్యూడీఆర్ (ఎండా నీడా రెండూ ఒకేసారి స్పష్టంగా చూపే సదుపాయం) ఉన్న కెమెరా తీసుకోండి. పెట్టె మీద డీడబ్ల్యూడీఆర్ అని ఉంటే అది సాఫ్ట్‌వేరుతో వెలుగు పెంచడమే, అంత పని చేయదు. ఆ వెలుగునీడల తేడాకు 120 డెసిబెల్స్ అని రాసి ఉన్నది చూసుకోండి. కెమెరాను కొంచెం కిందికి వంచి ఆకాశం చిత్రంలో పడకుండా చేస్తే సగం బాధ తీరుతుంది.

సలీం_వైరింగ్
సరిగ్గా చెప్పారు. సాలెగూళ్లు కూడా చేర్చండి. రాత్రి కెమెరా దగ్గరికి పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది, లెన్సు ముందు గూడు కడుతుంది. రాత్రి ఆ దారం తెల్లటి తాడులా మెరిసి ఫోను మోగుతూనే ఉంటుంది. నెలకోసారి పొడుగు కర్రకు మెత్తటి గుడ్డ చుట్టి తుడవాలి. పెరట్లో వేరే చోట ఒక ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా వెలిగేలా పెట్టి, కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపేస్తే పురుగులు బల్బు దగ్గరికి పోతాయి, బొమ్మ రంగుల్లో వస్తుంది.

కొవ్వూరు_కాలువగట్టు
కరెంటు పోతే? మా వైపు వేసవిలో గంటల తరబడి పోతుంది. దొంగలకు కూడా ఆ వేళలు తెలుసు.

సలీం_వైరింగ్
ఇన్వర్టరు లైనులో కలపాలి. నాలుగు కెమెరాలు, డీవీఆర్ అన్నీ కలిపి నలభై వాట్ల దరిదాపుల్లోనే ఉంటాయి, పాత సీలింగ్ ఫ్యాను కన్నా తక్కువ. ఎక్కువమంది మరిచేది రూటరును. రూటరు, ఫైబర్ పెట్టె రెండూ కూడా అదే లైనులో ఉండాలి. లేకపోతే రికార్డు అవుతుంది కానీ రఘు గారికి ఫోనులో ఏమీ కనబడదు.

మాజీ_హెడ్డు
పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యాను. కొన్ని మాటలు.

డీవీఆర్‌ను టీవీ కింద పెట్టకండి. దొంగ లోపలికి వస్తే మొదట వెతికేది ఆ పెట్టెనే. నేను చూసిన కేసుల్లో కెమెరాలు గోడకే ఉన్నాయి, రికార్డు అయిన పెట్టె దొంగతో పాటు పోయింది. అటక మీదనో, తాళం ఉన్న చిన్న అలమరలోనో పెట్టి గాలి ఆడేలా చూసుకోండి. గేటు కెమెరా ఒక్కదానికైనా లోపల మెమరీ కార్డు ఉండేది తీసుకుంటే డీవీఆర్ పోయినా ఆ ముక్క మిగులుతుంది.

రెండోది, మీ అమ్మానాన్నలు పెళ్లికో తీర్థయాత్రకో వెళ్లి ఇల్లు తాళం వేస్తున్నప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ సదుపాయం ఉంది. తాళం వేసిన ఇళ్లపై నిఘా వ్యవస్థ అది. యాప్‌లో పేరు నమోదు చేసుకుని వెళ్లే తేదీలు చెబితే పోలీసులే వచ్చి కదలిక పసిగట్టే కెమెరా పెడతారు, లోపల ఎవరైనా తిరిగితే కంట్రోల్ రూముకు సమాచారం వెళ్తుంది. డబ్బు తీసుకోరు. మీ స్టేషనులో ఒకసారి కనుక్కోండి.

కూకట్‌పల్లి_పద్మ
హైదరాబాదులో పోలీసుల "నేను సైతం" కార్యక్రమం కింద కాలనీవాళ్లందరం చందాలు వేసుకుని వీధి మొగల్లో కెమెరాలు పెట్టించాం. ఇంటికి నాలుగు కెమెరాలు పెట్టుకునే బదులు వీధికి రెండు మంచివి, బండి నంబరు చదవగలిగేవి పెడితే అందరికీ పనికొస్తుంది. వీధివాళ్లతో మాట్లాడి చూడండి రఘు గారు.

తెనాలి_రఘు
మా వీధిలో పది ఇళ్లు ఉన్నాయి, సగం ఇళ్లలో పెద్దవాళ్లే. ఈ ఆలోచన నాన్నకు నచ్చుతుంది. ఆయనకు పది మందిని కూర్చోబెట్టి మాట్లాడటం ఇష్టం.

హార్డ్ డిస్క్ 1 టీబీ చాలుతుందా?

నెట్‌వర్క్_నాని
లెక్క మీరే వేసుకోవచ్చు. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే గంటకు 0.9 జీబీ, రోజుకు 21.6 జీబీ. నాలుగింటికి రోజుకు 86 జీబీ పైచిలుకు. 1 టీబీ పదకొండు రోజులకు నిండి పాతది చెరిపేసుకుంటుంది. 2 టీబీ అయితే మూడు వారాలు దాటుతుంది. 4 మెగాపిక్సెల్ బొమ్మకు 2 మెగాబిట్లు చాలాలంటే హెచ్.265 (వీడియోను బాగా కుదించే పద్ధతి) ఉండాలి, లేదంటే ఈ లెక్క రెట్టింపు.

డిస్కు కూడా నిఘా కోసం చేసినదే అడగండి, వెస్టర్న్ డిజిటల్ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి. రాత్రింబవళ్లు రాస్తూ ఉండటానికి వాటిని తయారుచేస్తారు.

మాజీ_హెడ్డు
2 టీబీనే పెట్టించండి. దొంగతనం ఆ రాత్రే తెలియదు. పది పదిహేను రోజులు ఊరెళ్లి వచ్చాక తెలుస్తుంది. దొంగ అంతకుముందు వారం అటూ ఇటూ తిరిగి ఇల్లు చూసుకున్న దృశ్యాలే మాకు ఎక్కువగా పనికొచ్చేవి.

వకీలు_వాణి
హెడ్డు గారి మాటకు కొనసాగింపు. వీడియో ఉంది కదా అని చాలామంది టీవీ తెరను ఫోనుతో తీసి వాట్సాప్‌లో స్టేషనుకు పంపుతారు. దర్యాప్తుకు అది ఆధారం చూపవచ్చు, కోర్టులో నిలబడటం కష్టం. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. పాత 65బి సెక్షను చేసే పని ఇప్పుడు 63వ సెక్షను చేస్తుంది. ఎలక్ట్రానిక్ రికార్డు కాపీ ఇస్తే దానితో ధ్రువపత్రం ఉండాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) అందులో రాయాలి, పరికరం ఎవరి అధీనంలో ఉందో వారూ ఒక నిపుణుడూ సంతకం చేయాలి. ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిట్‌రావు ఖోత్కర్ కేసులో, పాత సెక్షను కిందే, గట్టిగా చెప్పింది. అసలు పరికరాన్నే యజమాని కోర్టుకు తెచ్చి సాక్ష్యం చెబితే వేరే సంగతి.

కాబట్టి ఏదైనా జరిగితే డీవీఆర్‌లో వేళ్లు పెట్టకుండా, కొత్త పెన్ డ్రైవులోకి అసలు ఫైలు ఎగుమతి చేసి పోలీసులకు ఇవ్వండి. డిస్కును ఫార్మాట్ చేయకండి.

ఇంకొకటి. హాల్లో కెమెరా అన్నారు. అమ్మానాన్నలను అడిగారా?

తెనాలి_రఘు
అడగలేదు. వాళ్ల మంచికే కదా. కింద పడిపోతే తెలియాలి కదా.

మల్లెపందిరి
ఈ మాటకు జవాబు చెప్పాలని ఉంది. నాకు అరవై తొమ్మిదేళ్లు. మా అబ్బాయి కూడా మీలాగే ప్రేమతోనే హాల్లో కెమెరా పెట్టించాడు. అది గుండ్రంగా తిరుగుతుంది. నేను టీవీ ముందు కూర్చుంటే అది నా వైపు తిరిగేది. అవతల చూస్తున్నది నా కొడుకే అని తెలుసు. అయినా కొంగు సర్దుకునేదాన్ని. తలకు నూనె రాసుకుంటుంటే, మా ఆయన చొక్కా లేకుండా ఈజీ చైరులో పడుకుంటే, పనిమనిషితో నాలుగు మాటలు మాట్లాడుకుంటుంటే, ఎవరో చూస్తున్నారన్న తలపు వదలదు. ఒకరోజు "ఆ స్వీటు మళ్లీ తిన్నావేం అమ్మా" అని అక్కడి నుంచే గొంతు వినిపించింది. ఆ రోజే దాన్ని పీకించాను. అబ్బాయి నొచ్చుకున్నాడు. నేనూ నొచ్చుకున్నానని చెప్పాను.

పడిపోతామన్న భయం ఉంటే స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీలు వేయించండి. రాత్రి మెట్ల దగ్గర వెలిగే దీపం పెట్టించండి. మంచం పక్కన నొక్కితే మీకూ పక్కింటివాళ్లకూ ఫోను వెళ్లే బెల్లు పెట్టండి. రోజూ ఒక వేళకు ఫోను చేయండి. మా ఇల్లు మాకు ఇల్లులాగే ఉండనివ్వండి.

కూకట్‌పల్లి_పద్మ
మల్లెపందిరి గారు, చదివి ఇంకేమీ రాయలేకపోయాను. మా అత్తగారు ఇదే మాట చెప్పలేక లోలోపల బాధపడ్డారని ఇప్పుడు అర్థమవుతోంది.

వకీలు_వాణి
చట్టం కూడా ఆవిడ వైపే ఉంది. ఒకే ఇంట్లో ఉంటున్న కుటుంబ సభ్యుల వివాదంలో, మిగతావారి సమ్మతి లేకుండా నివాస భాగం లోపల కెమెరాలు నడపకూడదని 2025 ఫిబ్రవరిలో కలకత్తా హైకోర్టు చెప్పింది. అదే ఏడాది మేలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అన్న 2017 నాటి పుట్టస్వామి తీర్పు ఉండనే ఉంది.

పెరటి కెమెరా సంగతి కూడా చూసుకోండి. పక్కింటి బావిగట్టు, స్నానాల గది, పడకగది కిటికీ అందులో పడకూడదు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద స్త్రీని ఏకాంతంలో ఉండగా చిత్రీకరించడం నేరం.

సలీం_వైరింగ్
దానికి ప్రైవసీ మాస్క్ అని దాదాపు ప్రతి డీవీఆర్‌లో ఉంటుంది. పక్కింటి భాగం మీద నల్ల చతురస్రం గీస్తే ఆ ముక్క రికార్డే కాదు. నేనైతే పని అయ్యాక పక్కింటివాళ్లను పిలిచి తెరమీద చూపించి వెళ్తాను. తరువాత గొడవలు రావు.

పెరటిజామ
నాకు వేరే అభిప్రాయం ఉంది. మా నాన్నకు మతిమరుపు జబ్బు. రాత్రి తలుపు తీసుకుని వెళ్లిపోతారు. హాల్లో కెమెరా లేకపోతే అమ్మ ఒక్కతే నిలువలేదు. అందరిళ్లకూ ఒకే సూత్రం వర్తించదు.

మల్లెపందిరి
మీది నిజంగా అవసరమే. అక్కడ అమ్మ ఒప్పుకుని పెట్టుకున్నారు. నేను అడుగుతున్నదీ ఆ ఒప్పుకోలునే.

తెనాలి_రఘు
రాత్రి అమ్మకు ఫోను చేశాను. మల్లెపందిరి గారి మాటలు చదివి వినిపించాను. "ఆవిడెవరో గానీ నా మనసులో మాట చెప్పింది, బయట ఎన్నైనా పెట్టుకో" అంది. హాలు కెమెరా వద్దు. నాన్న మాత్రం గేటు బొమ్మ తన మంచం ఎదుట చిన్న తెర మీద కనబడాలన్నారు. రాత్రి లేవకుండా పడుకునే చూసుకుంటారట.

సలీం_వైరింగ్
అది చాలా సులువు. డీవీఆర్ హెచ్‌డీఎంఐ నుంచి పడకగదిలోకి ఒక కేబుల్ లాగి పాత మానిటరు పెడితే చాలు. ఇంటర్నెట్ లేకపోయినా కనబడుతుంది. గోడలో పైపు వేసేటప్పుడే ఆ లైను కూడా వేయించుకోండి.

నెట్‌వర్క్_నాని
ఇక పాస్‌వర్డ్ సంగతి. బిగించినవాడు admin కింద 12345 పెట్టి వెళ్లిపోతాడు. 2016లో మిరాయ్ అనే వైరసు ఇలాంటి మార్చని పాస్‌వర్డ్‌లతోనే లక్షలాది కెమెరాలు, డీవీఆర్‌లను పట్టుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటివాటితో, వెబ్‌సైట్ల పేర్లను వాటి చిరునామాలకు కలిపే డైన్ అనే కంపెనీ మీద దాడి చేస్తే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కొన్ని గంటలు చాలామందికి అందలేదు. ఇళ్లలోని కెమెరాలే అందుకు వాడుకున్నారు.

పని పూర్తి కాగానే పాస్‌వర్డ్ మీరే మార్చండి. యాప్‌లో యజమాని ఖాతా మీ పేరున ఉండాలి, బిగించినవాడి ఫోనులో కాదు. రూటరులో పోర్టు ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా డీవీఆర్‌లోకి దారి తెరవడం) చేస్తానంటే ఒప్పుకోవద్దు. ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేరు) అప్‌డేట్ చేయించండి.

కొవ్వూరు_కాలువగట్టు
యజమాని ఖాతా సంగతి అందరూ చూసుకోవాలి. మా బంధువుల ఇంట్లో కెమెరాలు బిగించిన దుకాణం మూతపడింది. ఖాతా ఆయన ఫోను నంబరు మీద ఉంది. డీవీఆర్ మొత్తం రీసెట్ చేస్తే తప్ప వాళ్ల ఇల్లు వాళ్లకే కనబడలేదు.

మీనాక్షి_బ్రాడీపేట
ఏ కంపెనీ కొనాలో ఎవరూ చెప్పడం లేదు.

నెట్‌వర్క్_నాని
పేరు కన్నా ఒక గుర్తు చెబుతాను. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ 2024 ఏప్రిల్‌లో సీసీ కెమెరాలకు భద్రతా నిబంధనలు తెచ్చింది. 2025 ఏప్రిల్ 9 నుంచి అవి అమలులోకి వచ్చాయి. మన దేశంలో అమ్మే మోడల్‌కు ఆ పరీక్షలు జరిగి ఉండాలి. దుకాణంలో ఆ మోడల్ నంబరుకు ఎస్‌టీక్యూసీ (ఆ మంత్రిత్వ శాఖ కింది పరీక్షా విభాగం) ధ్రువీకరణ చూపమని అడగండి. మోడల్ నంబరు రాయని కొటేషన్‌తో ఇక్కడే చిక్కు. దేన్ని అడగాలో కూడా మీకు తెలియదు.

ఎండమావి
పిడుగుల మాట ఎవరూ అనలేదు. కొబ్బరి చెట్లు ఉన్న పెరడు. మా ఇంటి దగ్గర పడితే పెరటి కెమెరా కేబుల్ గుండా వచ్చి డీవీఆర్ పోర్టులు కాలిపోయాయి.

సలీం_వైరింగ్
బయటి నుంచి వచ్చే ప్రతి లైనుకు సర్జ్ ప్రొటెక్టరు వేయించి, ఇంటి ఎర్తుకు కలపాలి. ఎర్త్ గుంట ఎండిపోయి ఉంటే అవి ఉన్నా లేనట్టే. వేసవిలో ఆ గుంటలో నీళ్లు పోస్తుండాలి.

తెనాలి_రఘు
వేరే దుకాణంలో కొత్త కొటేషన్ రాయించాను. నాలుగు కెమెరాలు, గేటుకు 6 ఎం.ఎం., మిగతా మూడూ 2.8, ఎనిమిది ఛానెళ్ల డీవీఆర్, 2 టీబీ నిఘా డిస్కు, రాగి 3+1 కేబుల్ పీవీసీ పైపులో, సర్జ్ ప్రొటెక్టర్లు, పడకగదికి హెచ్‌డీఎంఐ లైను. ప్రతిదానికీ మోడల్ నంబరు ఉంది. 34 వేలు అయింది. నాని గారు, ఐపీ వద్దనుకున్నందుకు ఏమీ అనుకోకండి. ఆ దుకాణం మా ఇంటికి నడిచి వెళ్లే దూరంలో ఉంది.

నెట్‌వర్క్_నాని
ఏమీ లేదు. మీ పరిస్థితికి అదే సరైనది. గేటు కెమెరా బిగించాక మీరే వీధిలో నిలబడి, రాత్రి దీపాలు ఆర్పించి, రికార్డయిన మీ ముఖాన్ని చూసుకోండి. గుర్తుపట్టేలా ఉంటేనే మిగతా డబ్బు ఇవ్వండి.

మాజీ_హెడ్డు
గడియారం కూడా చూసుకోవాలి. స్టేషనుకు వచ్చే వీడియోల్లో వేళ తప్పుగా ఉన్నవి చాలా ఉంటాయి. గంటన్నర తేడా ఉంటే ఆ వేళకు నిందితుడు వేరే చోట ఉన్నాడని అవతలి వకీలు వాదిస్తాడు.

సలీం_వైరింగ్
డీవీఆర్‌లో టైమ్ జోన్ +5:30 పెట్టి, ఎన్‌టీపీ ఆన్ చేస్తే ఇంటర్నెట్ నుంచి తనే సరిచేసుకుంటుంది. కొన్నిటికి కర్మాగారం నుంచి +8 వస్తుంది, అక్కడే రెండున్నర గంటలు తేడా. కరెంటు పూర్తిగా పోయినప్పుడు గడియారాన్ని నడిపేది లోపలి చిన్న గుండ్రటి బ్యాటరీ. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కి వెళ్తుంటే దాన్ని మార్పించండి.